వికారాబాద్ దారిలో వికారం

మాది తాండూరు. చిన్నప్పుడు జీపులో వికారాబాద్ పోవాలంటే నాకు భయం. అనంతగిరి ఘాటు మలుపులు మొదలైతే చాలు, కడుపులో తిప్పేది. నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చునేదాన్ని. చివరికి నన్ను పెళ్ళిళ్ళకు తీసుకుపోవడమే మానేశారు. "ఊరి పేర్లోనే వికారం ఉంది, నువ్వేం చేస్తావ్ లే" అని మా మామ ఏడిపించేవాడు. నిజానికి ఆ పేరు పైగా నవాబు వికారుల్ ఉమ్రాది. ఫలక్‌నుమా కట్టించింది ఆయనే. ఉర్దూలో వికార్ అంటే హుందాతనం!

రైల్లో పోతే మాత్రం నాకేమీ కాదు. 1874 నాటి వాడి–సికింద్రాబాద్ లైను అది, వంపులు మెల్లగా తిరుగుతాయి.

ఇంట్లో "కడుపు బలహీనం" అనేవాళ్ళు. తప్పు కడుపుది కాదు. పుట్టు చెవుడు ఉన్నవాళ్ళలో చాలామందికి గిరగిరా తిప్పినా తల తిరగదని 1882లో విలియం జేమ్స్ అనే అమెరికా పండితుడు రాశాడు. అంటే గుట్టు లోపలి చెవిలో ఉంది. బండి మలుపు తిరిగిందని చెవి చెప్తుంది. ఫోన్‌లో మునిగిన కన్నేమో ఏమీ కదల్లేదంటుంది. ఆ తగాదాకే వాంతి.

మందు దొరికిన కథ ఇంకా తమాషా. 1947లో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో ఒకామెకు దద్దుర్లకు కొత్త మందు ఇచ్చారు. ట్రామ్ ఎక్కితే వచ్చే వికారం పోయింది! అదే డ్రమమిన్. నిద్ర వస్తుంది కాబట్టి డాక్టర్ని అడిగే వేసుకోండి.

నేనైతే ముందు సీట్లో కూర్చుని, ఫోన్ సంచిలో పడేసి, దూరంగా రోడ్డు చూస్తా. మొన్న ఘాటులో వెనక సీట్లో వీడియోలు చూస్తున్న మామే నిమ్మకాయ అడిగాడు.