మర్కాలె సంత దాడులు

బోస్నియా హెర్జెగొవీనా రాజధాని సరయేవో నడిబొడ్డున ఉన్న మర్కాలె సంత వద్ద 1994 ఫిబ్రవరి 5న, 1995 ఆగస్టు 28న జరిగిన మోర్టారు దాడులను మర్కాలె సంత దాడులు అంటారు. మొదటి దాడిలో 68 మంది, రెండవ దాడిలో 43 మంది మరణించారు. గుండ్లు పేల్చినది ఎవరన్న వివాదం వలన, దానిని న్యాయస్థానం తేల్చిన తీరు వలన ఇవి యుద్ధ నేరాల చర్చలలో తరచు ప్రస్తావనకు వస్తాయి.

నేపథ్యం

సరయేవో నగరం 1992 ఏప్రిల్ నుండి 1996 ఫిబ్రవరి వరకు ముట్టడిలో ఉన్నది. నగరంలో అధిక భాగం బోస్నియా ప్రభుత్వ సైన్యం అధీనంలోను, చుట్టూ ఉన్న కొండలలో చాలావరకు బోస్నియా సెర్బు సైన్యం అధీనంలోను ఉండేవి. ఉభయ పక్షాల వద్దనూ పాత యుగోస్లావియా సైన్యపు ఆయుధాలే ఉన్నందున, కేవలం గుండు రకాన్ని బట్టి దాడి చేసినవారిని గుర్తించడం సాధ్యం కాదు. అంతర్యుద్ధాలలో ఈ చిక్కు సాధారణమే.

మొదటి దాడి, దర్యాప్తు

సంత రద్దీగా ఉన్న మధ్యాహ్న వేళ 120 మిల్లీమీటర్ల మోర్టారు గుండు ఒకటి వచ్చి పడింది. మృతులు గాక 144 మంది గాయపడ్డారు. ప్రపంచ సానుభూతి కోసం ప్రభుత్వ సైన్యమే తన ప్రజలపై దీనిని పేల్చిందని సెర్బు నాయకులు ఆరోపించారు. ఐక్యరాజ్య సమితి దర్యాప్తు బృందం, రెండు పక్షాలలో ఎవరైనా పేల్చి ఉండవచ్చునని నివేదించింది.

ఈ అనిశ్చితికి మూలం మోర్టారు పనిచేసే విధానంలోనే ఉన్నది. నేలపై ఏర్పడిన గుంతను, చుట్టూ పడిన గుర్తులను బట్టి గుండు వచ్చిన దిక్కును చెప్పవచ్చు. మర్కాలెలో అది ఉత్తర ఈశాన్యమని తేలింది. అయితే ఆ దిక్కుగా సాగే గీత మొదట ప్రభుత్వ సైన్యపు భూభాగాన్ని దాటి, ఆపై సెర్బు భూభాగంలోకి పోతుంది. కాబట్టి దూరం తెలియనిదే పక్షం తెలియదు. గుండును ఎగరగొట్టడానికి ఎంత మందు కూర్చారో తెలియనిదే దూరం తెలియదు. గుండు తోక భాగం నేలలోకి దిగబడిన లోతు ఇక్కడ కీలకమైంది. లోతును బట్టి వేగాన్ని, వేగాన్ని బట్టి మందు పరిమాణాన్ని, దానిని బట్టి దూరాన్ని నిపుణులు అంచనా కట్టారు.

రెండవ దాడి

1995 దాడిలో పడిన అయిదు గుండ్లలో ఒకటే ప్రాణనష్టానికి ముఖ్య కారణమైంది. ఈసారి సమితి శాంతిదళం త్వరలోనే సెర్బు సైన్యాన్ని బాధ్యురాలిగా తేల్చింది. ఆగస్టు 30న నాటో వైమానిక దాడులు మొదలయ్యాయి.

తీర్పులు

హేగ్‌లోని మాజీ యుగోస్లావియా అంతర్జాతీయ నేర న్యాయస్థానం, మొదటి గుండు సెర్బు భూభాగం నుండే వచ్చిందని 2003లో తీర్పు చెప్పింది. ముగ్గురు న్యాయమూర్తులలో ఒకరు దీనితో విభేదించారు. అప్పటి సెర్బు దళాధిపతి స్తానిస్లావ్ గాలిచ్‌కు విధించిన 20 సంవత్సరాల శిక్షను 2006లో అప్పీలు ధర్మాసనం యావజ్జీవంగా పెంచింది.

గాలిచ్ తరువాత ఆ దళానికి అధిపతి అయిన ద్రగొమీర్ మిలోషెవిచ్ (సెర్బియా అధ్యక్షుడు స్లొబొదాన్ మిలోషెవిచ్ వేరొకరు) విషయంలో మరొక ప్రశ్న తలెత్తింది. 1995 నాటి గుండు ఆయన దళానిదేనని అప్పీలు ధర్మాసనం కూడా అంగీకరించింది. కాని ఆనాడు ఆయన బెల్‌గ్రేడ్‌లోని ఆసుపత్రిలో చికిత్స పొందుతున్నందున, ఆ దాడికి ఆదేశించినట్లు రుజువు కాలేదని ఆ నేరం మేరకు శిక్షార్హుడు కాడని 2009లో నిర్ణయించింది. మొత్తం శిక్ష 33 నుండి 29 సంవత్సరాలకు తగ్గింది. ఏ సైన్యం పేల్చిందన్నది, ఏ వ్యక్తి దోషి అన్నది వేర్వేరుగా రుజువు కావలసిన విషయాలని ఈ తీర్పు చూపుతుంది.

సరయేవో ముట్టడికి సంబంధించిన నేరాలతో సహా పలు నేరాలకు బోస్నియా సెర్బు నాయకుడు రదోవాన్ కరాజిచ్‌కు 2019లో యావజ్జీవ శిక్ష ఖరారైంది. సైన్యాధిపతి రాత్కొ మ్లాదిచ్‌కు 2017లో విధించిన యావజ్జీవ శిక్ష 2021లో ఖరారైంది.