వెల్ల గోడల నుండి రంగు గోడల దాకా



ప్రత్యేక సంచికకు పాత సంగతులేవైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు గోల్కొండ నవాబుల గురించి వ్రాద్దామనుకున్నాను. ఇంతలో మా హాలు గోడ మీదికి దృష్టి పోయింది. రంగు పెచ్చులు లేవడం మనలో చాలా మందికి ఏటేటా ఎదురయ్యే బాధే. దీనికీ ఒక చరిత్ర ఉన్నది. అది తెలియకనే నేను రెండు సార్లు డబ్బు పోగొట్టుకున్నాను.

మన చిన్నతనంలో ఇళ్ళకు రంగులు లేవు, వెల్ల ఉండేది. దసరాకో సంక్రాంతికో సున్నం నానబోసి, కాస్త బంక, చిటికెడు నీలిమందు కలిపి కుంచెతో వేసేవారు. ఆనుకుంటే చొక్కాకు అంటుకునేది. రాలితే చీపురుతో దులిపి మరుసటి ఏడు మళ్ళీ వేసేవారు. పెచ్చులు పెచ్చులుగా లేచిన గుర్తు మాత్రం నాకు లేదు.

ఆ వెల్ల క్రింద ఉండే గచ్చు కూడా సున్నమే. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్ళతో చల్లార్చి, ఇసుక, ఇటుక పొడి చేర్చి ఎద్దులు త్రిప్పే గానుగలో నూరేవారు. కరక్కాయ నీళ్ళు, బెల్లపు నీళ్ళు కలిపేవారు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని సున్నం మెల్లగా రాయిలా గట్టిపడుతుంది. అయినా అందులో సన్నని రంధ్రాలు మిగులుతాయి. గోడలోని చెమ్మ వాటి గుండా బయటికి పోతుంది. 1591 నాటి చార్మినార్‌కు ఉన్నది ఈ సున్నపు గచ్చే. అలాగని సున్నానికి చావు లేదనుకోరాదు. 2019 మే నెలలో చార్మినార్ మినారు మీది గచ్చు అలంకారం కొంత ఊడిపడింది. ఎంత గట్టి పనికైనా ఆలనాపాలనా కావాలి.

ఇక సిమెంటు సంగతి. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. మన దేశంలో 1904లో మద్రాసులో దీని తయారీకి తొలి ప్రయత్నం జరిగింది. మనం ఉద్యోగాల్లో చేరిన రోజుల్లో సిమెంటుకు పర్మిటు కావలసి వచ్చేది. 1982లో కొంత, 1989లో పూర్తిగా నియంత్రణ తొలగించారు. ఆ తరువాత సిమెంటు బస్తా ప్రతి వీధికీ వచ్చింది, గానుగలు మూలపడ్డాయి. వెల్ల స్థానంలో డిస్టెంపర్, స్నోసెం, ఆ పైన నూనె రంగులు, ఎమల్షన్లు వచ్చాయి. రంగు డబ్బా పట్టుకున్న గట్టు బొమ్మ మీకు గుర్తుండే ఉంటుంది. 1954లో దానిని గీసింది కార్టూనిస్టు ఆర్.కె.లక్ష్మణ్.

సిమెంటు గొప్ప వస్తువే, కాదనను. అయితే నేల తడి తగిలే గోడకు గట్టి సిమెంటు గిలాబు చేసి, దాని మీద నూనె రంగు పూస్తే లోపలి చెమ్మకు దారి మూసుకుపోతుంది. గోడ పీల్చిన నీటిలో మట్టి ఉప్పులు కరిగి ఉంటాయి. నీరు ఆరే చోట ఆ ఉప్పు పలుకులు కట్టి రంగును వెనుక నుండి నెడుతుంది. దానినే మనం చవుడు పట్టింది, లోనా కొట్టింది అంటాము.

బడంగ్‌పేట్‌లో నా ఇంటికి జరిగింది ఇదే. ముంగిలి అందంగా ఉంటుందని మట్టి పోయించి షాబాద్ బండలు పరిపించాను. బండల మట్టం పునాది మట్టం కంటె పైకి వచ్చింది. వాన నీరు గోడ ప్రక్కనే నిలిచేది. నడుమెత్తు వరకు రంగు లేచింది. డి.ఎ. బకాయిలు రాగానే గీకించి, లప్పం పెట్టించి, ఖరీదైన రంగు వేయించాను. ఒక్క వానాకాలానికే లేచింది. మరొకసారి వేయించాను, మళ్ళీ లేచింది. గోడకు బూజు పట్టి మా ఇంటావిడకు దగ్గు పట్టుకున్నది.

చివరకు ఒక ముసలి మేస్త్రీ వచ్చి గోడ తట్టి చూసి, "సారూ, నీళ్లు లోపలున్నయ్. మీరు పైన రంగు పూస్తే అవి యాడికి పోతయ్?" అన్నాడు. ముప్పది ఏళ్ళు ఫైళ్ళు చూసిన నాకు ఆ ఒక్క ప్రశ్న తట్టలేదు!

గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర కూడా జరిగింది ఇటువంటిదే. 2013లో ఆగాఖాన్ ట్రస్టు వారు పురావస్తు శాఖతో కలిసి మరమ్మతులు మొదలుపెట్టినప్పుడు, ఇరవయ్యో శతాబ్దంలో పూసిన సిమెంటును తొలగించి మళ్ళీ సున్నపు గచ్చే చేయించారు.

మిత్రులకు నా అనుభవం నుండి కొన్ని సూచనలు:

1. రంగు వాడిని పిలిచే ముందు తడి ఎక్కడిదో తేల్చుకోండి. డాబా, స్నానాల గది, పైపు, నేల, ఈ నాలుగూ చూడండి. గోడకు అడుగున్నర ప్లాస్టిక్ కాగితం నాలుగంచులా టేపు వేసి రెండు రోజులు ఉంచండి. గోడ వైపు చెమ్మ పడితే తడి గోడలోనిదే.

2. బయటి నేల పునాది మట్టం కంటె కనీసం ఆరంగుళాలు క్రిందకు, వాలు అవతలికి ఉండాలి.

3. చెడిన గిలాబును మచ్చ కంటె అడుగు పైదాకా తీయించండి. ఉప్పును పొడి బ్రష్షుతో దులపండి. నీళ్ళతో కడిగితే మళ్ళీ లోపలికే పోతుంది. ఒక వేసవి ఆరనివ్వండి.

4. తిరిగి పూసేటప్పుడు ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్ళు ఇసుక వాడండి. తడిపి, ఆరనిచ్చి, కనీసం నెల తరువాత వెల్లో, గాలి ఆడే రంగో వేయండి.

5. పాత నూనె రంగుల్లో సీసం ఉండవచ్చు. కొత్త రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుండే అమలైంది. పొడిగా గీకించకండి, తడిపి గీకించండి. ఆ సమయంలో మనుమలను దూరంగా ఉంచండి.

నేను బండలు తీయించి, ఒక ఎండాకాలం గోడను బోసిగా వదిలేశాను. వచ్చిన చుట్టాలు నవ్వారు. తరువాత మూడు వానాకాలాలు గడిచాయి. ఒక మూల ఇప్పటికీ కాస్త ఉప్పు తేలుతుంది. దులిపి వెల్ల రాస్తాను. ఇంటావిడ దగ్గు తగ్గింది.

పెన్షను డబ్బు విలువ మనకు తెలుసు. రంగు మీద రంగు వేయించే ముందు ఆ మేస్త్రీ అడిగిన ప్రశ్న ఒకసారి గుర్తు చేసుకోవలసినదిగా మనవి.