ఎట్రియన్ ఒడిస్సీ

ఎట్రియన్ ఒడిస్సీ జపాను దేశానికి చెందిన అట్లస్ సంస్థ నింటెండో డీఎస్ అను చేతి ఆటయంత్రము కొరకు రూపొందించిన వీడియో ఆట. ఇది 2007 జనవరి 18న జపానులోను, అదే సంవత్సరం మే నెలలో ఉత్తర అమెరికాలోను విడుదలైనది. జపాను భాషలో దీని పేరు "సెకైజు నో మెయిక్యూ". అనగా "లోకవృక్షపు చిక్కుదారులు" అని అర్థము. పాత్రల కళ్ళతో చూస్తూ చిక్కుదారులలో నడిచే ఫాంటసీ రోల్ ప్లేయింగ్ ఆటల కోవకు ఇది చెందినది. దారి పటాన్ని ఆటగాడే స్వయంగా గీసుకోవలసి రావడం దీని ప్రత్యేకత.

నేపథ్యము

ఈ కోవకు ప్రసిద్ధి తెచ్చిన ఆట 1981లో ఆపిల్ 2 కంప్యూటరు కొరకు వెలువడిన విజార్డ్రీ. ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ దీనిని తయారుచేశారు. తెరపై ఎదుటి గోడలు తప్ప దారి మొత్తము కనిపించదు కనుక ఆటగాళ్ళు గ్రాఫు కాగితముపై అడుగడుగునా గళ్ళు నింపుతూ పటము గీసుకొనేవారు. తరువాతి ఆటలలో కంప్యూటరే పటము చూపించసాగింది. దానితో ఆ శ్రమతోపాటు, దారి కనుగొన్న తృప్తి కూడా తగ్గింది.

2004లో వచ్చిన నింటెండో డీఎస్‌కు రెండు తెరలు కలవు. క్రింది తెర తాకితే స్పందిస్తుంది. దానిపై పుల్లవంటి కలముతో వ్రాయవచ్చును. దర్శకుడు కజుయా నీనో బృందము ఈ క్రింది తెరనే గ్రాఫు కాగితముగా మార్చినది.

కథ

ఎట్రియా అను పట్టణము సమీపములో ఒక మహావృక్షము, దాని క్రింద అంతు తెలియని అరణ్యము ఉన్నవి. ఆటగాడు ఒక సాహసికుల సంఘమును స్థాపించి, ఐదుగురిని ఎంచుకొని ఆ అరణ్యములోనికి పంపుతాడు. మొత్తము 30 అంతస్తులు కలవు. ఇవి ఐదేసి చొప్పున ఆరు మండలాలుగా విభజింపబడినవి. ప్రధాన కథ ఐదవ మండలముతో ముగుస్తుంది.

ఆట విధానము

పై తెరలో దారి, శత్రువులు కనిపిస్తాయి. క్రింది తెరలో ఆటగాడు గోడలు గీసి, తలుపులు, మెట్లు, నిధుల గుర్తులు పెట్టుకుంటాడు. గుర్తు తప్పుగా పెడితే తిరుగుదారిలో ప్రమాదము తప్పదు.

పోరాటము వంతులవారీగా జరుగుతుంది. వైద్యుడు, రక్షకుడు, రసవాది, గాయకుడు మొదలగు తొమ్మిది వృత్తులు కలవు; వీటిలో రెండు ఆట కొంత సాగిన తరువాతనే లభిస్తాయి. చనిపోయిన జంతువుల నుండి డబ్బు రాదు. వాటి చర్మము, కొమ్ములు వంటివి అంగడిలో అమ్మితే ధనముతోపాటు క్రొత్త ఆయుధములు అమ్మకానికి వస్తాయి.

ఎఫ్.ఓ.ఈ. అను బలమైన శత్రువులు పటముపై కనిపిస్తూ, ఆటగాడు ఒక అడుగు వేస్తే తామూ కదులుతాయి. మొదట వీటిని ఎదిరించడము కన్న, నడక గమనించి తప్పించుకొని పోవడమే మేలు. కనుక పటము దారి చూపుటకే కాక ప్రాణరక్షణకు కూడా ఉపయోగపడుతుంది. జట్టు మొత్తము మరణిస్తే, చివరిసారి భద్రపరచిన తరువాత సంపాదించినదంతా పోతుంది. అయితే గీసిన పటమును మాత్రము దాచుకొనవచ్చును.

సంగీతము, చిత్రాలు

సంగీత దర్శకుడు యూజో కొషిరో 1980ల నాటి ఎన్.ఈ.సీ. పీసీ-8801 కంప్యూటరు ధ్వనులతో పాటలు కూర్చాడు. పాత్రల చిత్రాలు యూజి హిముకాయి గీశాడు.

తరువాతి ఆటలు

రెండవ భాగము 2008లోను, మూడవ భాగము 2010లోను డీఎస్‌పై వచ్చినవి. 2012లో వచ్చిన నాలుగవ భాగము నుండి 2018లో వెలువడిన ఎట్రియన్ ఒడిస్సీ నెక్సస్ వరకు ఈ వరుసలోని ఆటలు నింటెండో 3డీఎస్ కొరకు వెలువడినవి. మొదటి ఆట కథను మార్చి, 2013లో 3డీఎస్‌పై తిరిగి విడుదల చేశారు.

2020లో 3డీఎస్ తయారీ నిలిచిపోవడముతో ఈ ఆటలకు ఇబ్బంది ఏర్పడినది. రెండు తెరలపై ఆధారపడిన ఆటను ఒకే తెరకు తేవలసి వచ్చినది. 2023 జూన్‌లో మొదటి మూడు ఆటలు నింటెండో స్విచ్, కంప్యూటర్ల కొరకు వచ్చినపుడు పటమును దారి చిత్రము ప్రక్కనే అమర్చారు. పటము దానంతటదే గీయబడే సౌకర్యము కూడా చేర్చారు. కాని దానిని వాడుకోవడము, మానడము ఆటగాని ఇష్టానికే వదిలివేశారు.