స్ఫటిక ఇంజనీరింగు

స్ఫటికంలో అణువులు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని ఉంటాయో తెలుసుకుని, కోరిన గుణాలున్న ఘనపదార్థాలను రూపొందించే శాస్త్రం స్ఫటిక ఇంజనీరింగు. ఇది అణువుల మధ్య బంధాలను పరిశీలించే సుప్రామాలిక్యులర్ రసాయనశాస్త్రంలో ఒక శాఖ.

దీని తొలి అడుగులు కాంతి రసాయనశాస్త్రంలో పడ్డాయి. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో గెర్హార్డ్ ష్మిట్ బృందం 1960లలో సిన్నమిక్ ఆమ్లాల స్ఫటికాలను పరిశీలించింది. పక్కపక్కన ఉన్న అణువుల ద్విబంధాలు సమాంతరంగా, సుమారు 4.2 ఆంగ్‌స్ట్రాంల లోపు దూరంలో ఉంటే, అతినీలలోహిత కాంతి సోకినప్పుడు అవి నాలుగు కార్బన్ల వలయంగా అతుక్కుంటాయి. దూరం మించితే స్ఫటికంలో ఆ చర్య జరగదు.

తెలుగునేలపై ఈ శాస్త్రానికి పుట్టినిల్లు హైదరాబాదు విశ్వవిద్యాలయం. అక్కడ మూడు దశాబ్దాలు పనిచేసిన గౌతమ్ ఆర్. దేశిరాజు 1989లో ఈ విషయంపై గ్రంథం వెలువరించారు. 1995లో, అణువులను కలిపి ఉంచే బంధాల అమరికను సూచించే ‘సుప్రామాలిక్యులర్ సింథాన్’ భావనను ప్రతిపాదించారు. రెండు కార్బాక్సిలిక్ ఆమ్ల అణువులు ఎదురెదురుగా నిలిచి జంట హైడ్రోజన్ బంధాలతో పెనవేసుకోవడం దీనికి తేటతెల్లమైన ఉదాహరణ.

మందుల తయారీలోనూ ఈ శాస్త్రం ముఖ్యమే; స్ఫటిక రూపం మారితే మందు కరిగే తీరూ మారుతుంది. 1998లో రిటోనవిర్ అనే ఎయిడ్స్ మందులో తక్కువగా కరిగే కొత్త రూపం తలెత్తడంతో దాని క్యాప్సూళ్ల సరఫరా నిలిచిపోయింది. పాత నల్లగొండ జిల్లా చౌటుప్పల్‌లో, మహబూబ్‌నగర్ జిల్లా జడ్చర్ల దగ్గరి పోలేపల్లిలో ఉన్న ఔషధ పరిశ్రమలకూ స్ఫటిక రూపం కీలకమైన విషయమే.