వీలర్ ఫీల్డ్: విమానాల్ని అలా వరసగా ఎందుకు పెట్టారు?

పెర్ల్ హార్బర్ అనగానే మనకి మునిగిపోతున్న యుద్ధనౌకలే గుర్తొస్తాయి కదా. ఇవాళ నౌకలు వదిలేద్దాం. అదే ఒవాహు దీవి మధ్యలో ఉన్న వీలర్ ఫీల్డ్ అనే సైనిక విమానాశ్రయం దగ్గరికి వెళ్దాం.

1941 డిసెంబర్ 7, ఆదివారం ఉదయం. జపాన్ విమానాలు వచ్చేసరికి అమెరికా ఫైటర్లు రెక్క పక్కన రెక్క పెట్టి వరసగా నిలబెట్టి ఉన్నాయి. తూటాలు తీసేసి విడిగా దాచారు. ఒకటి అంటుకుంటే పక్కది అంటుకుంది, గడ్డివాముల్లాగా. బాంబుల నుంచి కాపాడ్డానికి కట్టిన మట్టిగోడల అడ్డాలు దాదాపు 100 అక్కడే ఉన్నాయి. వాటిలో మాత్రం పెట్టలేదు!

ఎందుకు? జవాబు కాగితాల్లో ఉంది. యుద్ధం అయ్యాక అమెరికా పార్లమెంటు కమిటీ విచారణ జరిపి, వాంగ్మూలాలు, టెలిగ్రాములు అన్నీ కలిపి 39 భాగాలుగా అచ్చు వేయించింది. ఇప్పుడు ఎవరైనా చదవొచ్చు.

నవంబర్ 27న వాషింగ్టన్ నుంచి హవాయి సైన్యాధికారి జనరల్ షార్ట్‌కి హెచ్చరిక వెళ్లింది: జపాన్ ఏ క్షణమైనా దాడి చేయొచ్చు, ఏం చర్యలు తీసుకున్నారో చెప్పండి అని. ఆయన జవాబు చాలా చిన్నది. విద్రోహ చర్యలు జరక్కుండా అప్రమత్తంగా ఉన్నాం, నేవీతో సంప్రదిస్తున్నాం. అంతే. వైమానిక దాడి మాటే లేదు.

అంటే ఆయన భయం ఆకాశం మీద కాదు, పక్కింటివాళ్ల మీద. హవాయిలో అప్పుడు జపాన్ మూలాలున్నవాళ్లు మూడో వంతుకు పైనే. వాళ్లెవరైనా రాత్రిపూట వచ్చి విమానాలు పాడుచేస్తారేమో అని, కాపలాకి సులువుగా ఉండేలా అన్నీ ఒకచోట చేర్చారు. నిజానికి అక్కడ వాళ్లు చేసిన విద్రోహం ఒక్కటి కూడా రుజువు కాలేదు.

తప్పంతా షార్ట్‌దేనా? నాకైతే అలా అనిపించదు. ఆ జవాబు వాషింగ్టన్‌కి చేరింది. చూసినట్టు యుద్ధ మంత్రి స్టిమ్సన్ పొడి సంతకం కూడా ఉంది. "ఇది చాలదు" అని తిరిగి రాసినవాళ్లు లేరు. జోక్యం చేసుకునే అవకాశం తనకి అప్పుడే ఉందని, తాను చేసుకోలేదని జనరల్ మార్షల్ విచారణలో ఒప్పుకున్నారు. పదవి పోయింది మాత్రం షార్ట్‌కి.

ఇంకో కాగితం ఉంది. దాడి రోజు మార్షల్ పంపిన చివరి హెచ్చరిక. సైన్యం రేడియో హోనలూలుకి అందక, మామూలు టెలిగ్రాం కంపెనీ ద్వారా పంపారు. హోనలూలులో 7:33కి దిగింది. 'అర్జెంట్' ముద్ర లేదు. మొదటి బాంబులు 7:55 ప్రాంతంలో పడ్డాయి. టెలిగ్రాం సైన్యం ఆఫీసుకి చేరేసరికి 11:45. ఆ బాంబుల మధ్య మోటార్ సైకిల్ మీద దాన్ని తెచ్చి ఇచ్చిన కుర్రాడు ఎవరో తెలుసా? జపాన్ మూలాలున్నవాడే.