పాదిరి పలికిన మూడు మాటలు

1884 అక్టోబరు 29న న్యూయార్కు హోటలొకదానిలో ప్రొటెస్టెంటు మతాచార్యులు రిపబ్లికను అధ్యక్షాభ్యర్థి జేమ్స్ బ్లెయిను గారికి స్వాగతమిచ్చిరి. వారి పక్షమున మాటలాడిన శామ్యూల్ బర్చర్డు పాదిరి, డెమోక్రాట్ల పుట్టుపూర్వోత్తరములు ‘సారాయి, రోమను మతము, తిరుగుబాటు’ అని నిందించెను. తిరుగుబాటనగా దక్షిణ రాష్ట్రములు సాగించిన అంతర్యుద్ధము. బ్లెయిను అక్కడ దానిని ఖండింపలేదు. వినలేదో, విని ఊరకుండెనో! ఆయన తల్లియే కాథలిక్కు.

ప్రత్యర్థులు ఆ మాటలను కరపత్రములుగా అచ్చొత్తించి ఐరిషు కాథలిక్కులకు పంచిరి. కొన్ని దినములకు బ్లెయిను తన అసమ్మతిని తెలిపెను గాని, నవంబరు 4న న్యూయార్కు రాష్ట్రమును 11 లక్షలకు మించిన ఓట్లలో వెయ్యి పైచిలుకు తేడాతో క్లీవ్లండు గెలిచెను. ఆ రాష్ట్రపు 36 ఎలక్టొరల్ ఓట్లతో అధ్యక్షపదవియు ఆయనకే దక్కెను.

పాదిరియే ఓడించెనని పలువురందురు. మేమంత రూఢిగా చెప్పజాలము. మద్యనిషేధ పక్షము అచ్చటనే సుమారు 25 వేల ఓట్లు చీల్చినది. అయినను, పాదిరి మాటకంటె అభ్యర్థి మౌనమే ఐరిషువారిని ఎక్కువ నొప్పించియుండునని మాకు తోచుచున్నది.