డిమాలిష్: కూల్చివేతను తెలిపే ఆంగ్ల క్రియ, దాని అర్థం, పుట్టుక

కట్టినదానిని పడగొట్టుటను తెలిపే ఆంగ్ల క్రియలలో ముఖ్యమైనది 'డిమాలిష్'. దీని నామరూపం 'డెమలిషన్'. క్రియను పలికేటప్పుడు ఊనిక 'మా' మీద, నామాన్ని పలికేటప్పుడు 'లి' మీద పడుతుంది. రహదారి విస్తరణలకు, చెరువు ఆక్రమణల తొలగింపునకు సంబంధించి ఆంగ్లంలో వెలువడే తాఖీదులలోను, కోర్టు ఉత్తర్వులలోను ఈ మాట తరచుగా కనిపిస్తుంది. కనుక హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు కుటుంబాలు దీనిని పరీక్ష కోసమే కాక, ఇంటి కోసం కూడా తెలుసుకోవడం మంచిది.

పుట్టుక

లాటిన్ భాషలో 'మోలెస్' అనగా పెద్ద రాశి, భారీ కట్టడం. దాని నుండి 'మోలీరీ' అనే క్రియ ఏర్పడింది. శ్రమపడి కట్టుట అని దాని అర్థం. దానికి ముందు 'డే' అనే ఉపసర్గ చేరగా అర్థం తలక్రిందులై, కట్టినదానిని పడగొట్టుట అయినది. ఆ మాట ఫ్రెంచి 'డెమొలీర్' ద్వారా 16వ శతాబ్దంలో ఆంగ్లంలో ప్రవేశించింది. 'ఫినిష్', 'పనిష్', 'అబాలిష్' పదాల చివరి 'ఇష్' కూడా ఫ్రెంచి నుండి వచ్చినదే. విజ్ఞానశాస్త్రంలో పిల్లలు చదివే 'మాలిక్యూల్' సైతం 'మోలెస్' సంతతియే. చిన్న రాశి అని దాని భావం. మన 'నిర్మూలన'లోని 'మూలం'తో మాత్రం దీనికి సంబంధం లేదు. ధ్వని సామ్యాన్ని చూసి భ్రమపడరాదు.

సమీప పదాలు

'డెస్ట్రాయ్' అనగా నాశనం చేయుట. పేర్చుట అనే అర్థం గల లాటిన్ ధాతువు నుండి వచ్చింది. 'స్ట్రక్చర్' దాని తోబుట్టువు. 'రేజ్' అనగా నేలమట్టం చేయుట. గీకుట దాని మూలార్థం. క్షవరానికి వాడే 'రేజర్' అదే కుటుంబంలోనిది. 'అబాలిష్' కట్టడాలకు చెల్లదు, చట్టాలకు, ఆచారాలకు చెల్లుతుంది. మద్రాసు రాష్ట్రంలో 1948 చట్టం జమీందారీలను 'అబాలిష్' చేసింది, భవనాలను కాదు.

'డిస్‌మాంటిల్' అనగా భాగాలుగా విప్పుట. 'మాంటిల్' అంటే పైవస్త్రం. కోటకు గోడలే వస్త్రమన్న భావనతో, ప్రాకారాలను తొలగించుటకు పూర్వం ఈ మాటను వాడేవారు. మన ప్రాంతానికి కోటలు కొత్త కావు. 1791లో ఇంగ్లీషు కంపెనీ సేనలు హోసూరు కోటను పట్టుకున్నవి గాని, అదే ఏడు కృష్ణగిరి కొండకోటపై చేసిన దాడిలో విఫలమైనవి. 1792 శ్రీరంగపట్నం సంధితో కృష్ణగిరి వారి వశమైనది. ఆ కొండపై ప్రాకారాల శిథిలాలు నేటికీ ఉన్నవి.

మన భాషలలో

తెలుగులో కూలునది 'కూలు', కూలజేయునది 'కూల్చు'. 'పడగొట్టు', 'కూలదోయు' కూడా కలవు. పెంకులు, దూలాలు, ద్వారబంధాలు చెడకుండా తీసి మళ్లీ వాడుకోదలచినప్పుడు ఇల్లు 'విప్పినాము' అంటాము. ఆంగ్ల 'డిస్‌మాంటిల్'కు ఇంతకంటె సరియైన మాట లేదు. తమిళంలో 'ఇడి' అంటే కూల్చుట, పిడుగు కూడా. కన్నడంలో 'కెడవు' అంటారు. మన ప్రాచీన కావ్యభాషలోని 'కెడపు' దీనికి చుట్టమే.

తాఖీదు అందినప్పుడు

తాఖీదులో 'రిమూవ్', 'ఎవిక్ట్', 'డిమాలిష్' అనేవి వేరువేరు. మొదటిది తొలగించుట, రెండవది మనుషులను ఖాళీ చేయించుట, మూడవది కట్టడాన్ని కూల్చుట. ఏ మాట ఉన్నదో, ఏ తేదీ ఉన్నదో ముందు చూడవలెను.

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, కూల్చివేతకు ముందు సంజాయిషీ తాఖీదును రిజిస్టర్డు తపాలాలో పంపి, కట్టడానికి కూడా అంటించవలెను. జవాబుకు కనీసం 15 రోజులు గడువివ్వవలెను. యజమాని వాదనను స్వయంగా వినవలెను. తుది ఉత్తర్వు తరువాత కూడా 15 రోజులు ఆగవలెను. కూల్చివేతను వీడియో తీయవలెను. అయితే రోడ్డు, వీధి, కాలిబాట, రైలుమార్గపు అంచు, నదులు, చెరువులు వంటి చోట్ల గల అనధికార కట్టడాలకు, కోర్టే కూల్చమన్న వాటికి ఈ రక్షణ వర్తించదు. చెరువుగట్టున ఇల్లున్నవారు ఈ మినహాయింపును మరువరాదు.

అందువలన తాఖీదు అందిన దినాన్ని దానిపైనే వ్రాసి, కవరును భద్రపరచి, పట్టా, పన్ను రసీదులతో న్యాయవాదిని గాని, ఉచిత న్యాయసహాయ కేంద్రాన్ని గాని వెంటనే కలుసుకొనవలెను. అర్థం కాని కాగితంపై మాత్రం సంతకం చేయరాదు.